ఇక్కడ ఆడిన బొమ్మ అక్కడెందుకు ఆడదు?

గత సంచికలో ఓటీటీ చందాల గురించి రాశాం. చందా కట్టకుండా, దొంగ సైట్ల జోలికి పోకుండా సినిమాలు చూసే దారి లేదా అని ఊళ్లోనివారూ, విదేశాల్లో ఉన్నవారూ అడిగారు. ఉంది. కాకపోతే ఊరు మారితే దారి మారుతుంది. ఉత్తరాల్లో ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఎనిమిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. యూట్యూబ్‌లో నేను చూసిన పాత సినిమా లింకు వాట్సాప్‌లో పంపితే, అక్కడ మీ దేశంలో అందుబాటులో లేదని వస్తోందట. అదే లింకు నాకు శుభ్రంగా ఆడుతోంది. తప్పు ఫోన్‌లో ఉందా, సినిమాలో ఉందా?
— ఒక గృహిణి, తెనాలి

రెండింట్లోనూ లేదండీ. సినిమా ఏరియాలవారీగా అమ్ముడుపోతుందని తెనాలివారికి ఒకరు చెప్పనక్కర్లేదు. నైజాం కొన్న బయ్యరు సీడెడ్‌లో బొమ్మ వేయలేడు. గుంటూరు కొన్నాయనకు ఉత్తరాంధ్రతో పనిలేదు. నెట్‌లోనూ అదే లెక్క. ఇండియా వరకు డిజిటల్ హక్కులు ఒక కంపెనీ దగ్గర ఉంటే, ఓవర్సీస్ హక్కులు ఇంకో కంపెనీ దగ్గర ఉంటాయి. ఇక్కడి కంపెనీ సినిమాను యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు, తనకు హక్కు లేని దేశాలను తనే మూసేస్తుంది. మూయకుండా వదిలేసినా, అమెరికా హక్కులున్నవారు యూట్యూబ్ కంటెంట్ ఐడీ (ఎక్కించిన వీడియోలను హక్కుదారుల ప్రింట్లతో పోల్చి చూసే ఏర్పాటు) ద్వారా ఆ సినిమాను గుర్తుపట్టి, తమ దేశం వరకు ఆపించగలరు. లింకు ఒకటే అయినా తెనాలిలో ఆడి డల్లాస్‌లో ఆగిపోవడం ఇందుకే.

మీ అమ్మాయి ఏ దేశంలో ఉందో యూట్యూబ్‌కి తెలిసేది ఐపీ అడ్రస్‌తో. అంటే ఆమె వాడే నెట్ కంపెనీ ఆ క్షణానికి ఇచ్చిన నంబరుతో. ఇది తెలియక చాలామంది యూట్యూబ్ మెనూలో లొకేషన్ దగ్గర ఇండియా అని మార్చి, ఇంకా ఆడటం లేదేమని విసుక్కుంటారు. ఆ మీట నొక్కితే మన ముందుకొచ్చే సిఫారసులు మారతాయి తప్ప మూసిన వీడియో తెరుచుకోదు. ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచినా, ఇండియాలో తెరిచిన జీమెయిల్‌తో లాగిన్ అయినా ఫలితం ఉండదు.

ముందు తెర మీద ఏం రాసి ఉందో సరిగా చదవమనండి. దేశం పేరెత్తితే అది ఏరియా తాళం. కాపీరైట్ క్లెయిమ్ వల్ల తొలగించామని ఉంటే ఆ వీడియో ఎక్కడా లేనట్టే, మీకూ ఆడదు. ప్రైవేట్ వీడియో అని వస్తే పెట్టినవారే దాచేశారు. ఏరియా తాళమే అయితే అదే సినిమాను పేరుతో మళ్లీ వెతకాలి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా మార్చి ఇంకోసారి వెతికి, ఫిల్టర్‌లో ఇరవై నిమిషాలు దాటినవి మాత్రమే అని పెట్టుకుంటే ట్రైలర్లూ పాటల ముక్కలూ తప్పుకుంటాయి. ఓవర్సీస్ హక్కులున్నవారు తమ చానల్‌లో అదే సినిమాను పెట్టి ఉండొచ్చు. అది డల్లాస్‌లో ఆడుతుంది, తెనాలిలో మీకు కనిపించకపోవచ్చు. అప్పుడు లింకు పంపే పని అమ్మాయిది.

దీన్నే తలకిందులు చేసిన చిక్కు ఒకటి హైదరాబాద్‌లోనే ఎదురవుతుంది. కంపెనీ లాప్‌టాప్‌లో ఆఫీసు వీపీఎన్ (మన నెట్‌ను వేరే చోటి సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు) నడుస్తుంటే, గచ్చిబౌలిలో కూర్చున్నవారు కూడా అమెరికాలో ఉన్నట్టే లెక్క. ఇక్కడి సినిమా ఇక్కడే ఆడదు. ఆఫీసు లాప్‌టాప్‌ను దాని పనికి వదిలేసి, సొంత ఫోన్‌లో చూసుకోవడం మేలు. వీపీఎన్ ఏదీ లేకపోయినా వేరే దేశంలో ఉన్నట్టు చూపిస్తుంటే, మీ నెట్ కంపెనీ నంబర్లు గూగుల్ లెక్కల్లో తప్పుగా పడ్డాయన్నమాట. రూటర్‌ను కాసేపు ఆపి మళ్లీ వేస్తే కొత్త నంబరు రావచ్చు. రాకపోతే ఐపీ లొకేషన్ తప్పుందని చెప్పడానికి గూగుల్‌కే ఒక ఫారం ఉంది. సరిదిద్దడానికి నెల పైనే పట్టవచ్చు.

1950ల నాటి సినిమాలకు కాపీరైట్ తీరిపోయిందంటున్నారు. మాయాబజార్‌లాంటివి ఇక ఎవరైనా, ఎక్కడైనా ఉచితంగా చూసుకోవచ్చా?
— రిటైర్డ్ లెక్కల మాస్టారు, హనుమకొండ

మీకు లెక్కతోనే చెబుతాం మాస్టారూ. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు 60 ఏళ్లు. విడుదలైన రోజు నుంచి లెక్కపెట్టరు, మరుసటి ఏడాది జనవరి 1 నుంచి పెడతారు. అందుకని విడుదల సంవత్సరానికి 61 కలిపితే, వచ్చిన ఏడాది జనవరి 1న ఆ సినిమా జనం సొత్తవుతుంది. మాయాబజార్ 1957 మార్చిలో వచ్చింది. 61 కలిపితే 2018. పాతాళభైరవి 1951 కాబట్టి 2012. గుండమ్మ కథ 1962 కాబట్టి 2023. 1965లో వచ్చినవాటికి 2026. చట్టంలో మొదట ఉన్నది 50 ఏళ్లే, 1992 సవరణతో 60 అయింది. పాత పుస్తకాల్లో 50 అని కనిపిస్తే కంగారుపడకండి.

ఇక్కడితో ఆగితే సగం లెక్కే. సినిమా మీద హక్కు వేరు, అందులోని మాటలు, పాటల సాహిత్యం మీద హక్కు వేరు. రచనకు రచయిత జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్లూ ఉంటాయి. మాయాబజార్‌కు మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. ఆ హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నా 2031 చివరిదాకా నడుస్తుంది. ఇంట్లో కూర్చుని చూసే మీకు దీంతో ఇబ్బంది లేదు. ఆ సినిమాను తెచ్చి సొంత చానల్‌లో పెట్టి యాడ్ డబ్బులు తీసుకోవాలనుకునేవారికి ఉంది. పైగా 2010లో హాళ్లకొచ్చిన రంగుల మాయాబజార్ వేరే సరుకు. కొత్తగా చేసిన ఆ పనికి 1957 లెక్క చెల్లదు. మరమ్మతు చేసి, శబ్దం శుభ్రం చేసి వదిలిన ప్రింట్ల మీదా కంపెనీలు హక్కు కోరుతుంటాయి. కాబట్టి లెక్క వేసేటప్పుడు చేతిలో ఉన్నది నలుపు తెలుపు అసలు ప్రింటేనా అని చూడాలి.

అసలు మెలిక సముద్రం దాటాక వస్తుంది. పైన చెప్పిన లెక్క ఇండియాకే. అమెరికాలో ఆ కాలపు సినిమాలకు విడుదల నుంచి 95 ఏళ్లు. అక్కడ 61 బదులు 96 కలపాలి. విదేశీ చిత్రాలకు కూడా, 1996 జనవరి 1 నాటికి సొంత దేశంలో హక్కు బతికి ఉంటే, అమెరికా అదే గడువు ఇచ్చింది. ఆ రోజుకు మాయాబజార్ హక్కు ఇక్కడ బతికే ఉంది కాబట్టి, అమెరికాలో అది 2053 జనవరి 1 దాకా ఎవరో ఒకరి సొత్తు. హనుమకొండలో జనానిది, న్యూజెర్సీలో కాదు! పాత తెలుగు సినిమాకు అక్కడ తాళం కనిపిస్తే, అది పొరపాటున పడిందనుకోనక్కర్లేదు.

ఎదురు ఉదాహరణా ఉంది. చాప్లిన్ 1921 నాటి ది కిడ్ అమెరికాలో ఎప్పుడో స్వేచ్ఛ పొందింది. యూరప్‌లో మాత్రం దర్శకుడు, రచయిత, సంగీతకారుల్లో ఆఖరున పోయినవారి మరణం నుంచి 70 ఏళ్లు లెక్క. చాప్లిన్ 1977లో పోయారు కాబట్టి అక్కడ 2047 చివరిదాకా ఆగాలి. కాపీరైట్ లేని సినిమా అని ఎవరైనా అంటే, ఏ దేశంలో అని అడగండి.

యూట్యూబ్‌లో పెట్టిన సినిమా హక్కుదారులే పెట్టారో, దొంగ అప్‌లోడో తెలుసుకోవడం ఎలా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

బొమ్మను చూడండి, అదే చెప్పేస్తుంది. కంటెంట్ ఐడీకి దొరక్కుండా ఉండటానికి దొంగలు బొమ్మను అద్దంలోలా తిప్పుతారు. హీరో గడియారం కుడిచేతికి మారినా, బోర్డుల మీద అక్షరాలు తిరగబడినా అదే. అంచులు కోసి దగ్గరికి లాగుతారు, చుట్టూ పూలఫ్రేమో రంగు పట్టీయో పెడతారు, గొంతులు కీచుమనేలా వేగం పెంచుతారు. రెండు గంటల నలభై నిమిషాల సినిమా రెండు గంటల పదిహేను నిమిషాలే ఉందంటే పాటలో, వేగమో ఏదో ఒకటి మారింది.

తర్వాత చానల్ పేజీకి వెళ్లండి. సురేష్ ప్రొడక్షన్స్‌లాంటి నిర్మాణ సంస్థలకు సొంత చానళ్లున్నాయి. షాలిమార్, వోల్గా, షెమారూ, తెలుగు ఫిల్మ్‌నగర్, మ్యాంగో, ఐడ్రీమ్‌లాంటివి హక్కులు కొని పెట్టేవి. అక్కడ వందల సినిమాలు ఏళ్ల తరబడి ఉంటాయి. పోయిన వారమే పుట్టి, నిన్న హాల్లో పడిన సినిమాతో పాటు మూడు క్రికెట్ క్లిప్పులు పెట్టుకున్న చానల్ మాట వేరే చెప్పాలా? కొత్త సినిమా హాల్లో ఆడుతుండగానే పూర్తిగా ఉచితంగా కనిపిస్తే అది దొంగదే. హాల్లో కెమెరాతో తీసినవారికి 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు, మూడు లక్షలకు తగ్గని జరిమానా పెట్టింది. చూసే మీకు అంతకన్నా దగ్గరి ప్రమాదం ఏపీకే ఫైలు. సినిమా కోసమని ప్లే స్టోర్ బయటి యాప్ వేసుకుని, అది అడిగిన ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చేస్తే బ్యాంకు ఓటీపీలు దాని చేతిలో పెట్టినట్టే.

దుబాయ్‌లో ఉంటాను. వీపీఎన్ పెట్టుకుంటే ఇండియాలో ఉచితంగా వచ్చేవన్నీ ఆడతాయని మా రూమ్మేట్లు అంటున్నారు. చట్టరీత్యా ఇబ్బందా?
— ఒక ఎలక్ట్రీషియన్, దుబాయ్ (సొంతూరు జగిత్యాల)

మీరున్న చోట తొందరపడొద్దు తమ్ముడూ. యూఏఈలో వీపీఎన్ వాడటమే నేరమని ఎక్కడా లేదు, కంపెనీలూ బ్యాంకులూ రోజూ వాడతాయి. కానీ నేరం చేయడానికో, చేసింది దాచడానికో ఐపీ అడ్రస్ మార్చుకుంటే 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం పదో అధికరణం కింద జైలు ఉండొచ్చు, జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దాకా. హక్కు లేని సినిమా చూడటం ఆ నేరం కిందికి వస్తుందా రాదా అని మీ జీతంతో పందెం కాయడం తెలివైన పని కాదు.

ఇండియాలో కూడా వీపీఎన్ నిషేధం కాదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల పేర్లూ వివరాలూ ఐదేళ్లు దాచి ఉంచాలి. అది ఇష్టంలేక పెద్ద కంపెనీలు కొన్ని ఇక్కడి సర్వర్లే ఎత్తేశాయి. ఇప్పుడు వాటి యాప్‌లో ఇండియా అని కనిపించేది సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉండొచ్చు. అలాంటి అద్దె నంబర్ల జాబితాలు సినిమా సర్వీసుల దగ్గర ఉంటాయి, వీపీఎన్ పెట్టినా ఆడకపోవడానికి మామూలుగా అదే కారణం. తాళం తప్పించుకుని చూడటం ఆ సర్వీసు షరతులకు ఎలాగూ విరుద్ధం. అందుకే చట్టబద్ధమైన దారుల్లో దీన్ని మేం లెక్కవేయం. ఉచిత వీపీఎన్ అయితే ఇంకా పాడు. వాటిలో కొన్ని మీ కనెక్షన్‌నే ఊరూపేరూ తెలియనివారికి దారిగా వాడుకుంటాయి. వాళ్లు చేసిన పని మీ నంబరు మీద పడుతుంది.

ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఇండియా సిమ్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ వేసుకుని, వైఫై ఆపేసి, ఆ సిమ్ డేటాతోనే నెట్ తెరిస్తే సాధారణంగా ఐపీ అడ్రస్ ఇండియాదే వస్తుంది. రోమింగ్‌లో డేటా ముందు సొంత ఆపరేటర్ దగ్గరికి చేరి, అక్కడి నుంచి బయటికి పోతుంది కాబట్టి అలా. ఇందులో దాపరికం ఏమీ లేదు, నెట్‌వర్క్ కట్టిన తీరే అది. జీపీఎస్ కూడా చూసే యాప్‌లో ఇది పనిచేయదు. పైగా 480పీలో రెండున్నర గంటల సినిమాకు ఒకటిన్నర జీబీ దాకా పోతుంది. రోమింగ్ ప్యాక్‌లో ఇచ్చే డేటా ఎంతో, దాని ఖరీదెంతో చూసుకుంటే ఉచిత సినిమా ఉచితంగా మిగలదు. రెండు రోజుల పనికి వచ్చినవారికి పనికొస్తుంది, ఏళ్లతరబడి ఉండేవారికి కాదు.

అమ్మాయి పురుడుకని ఆరు నెలలకు వచ్చాం. ఇక్కడ చందాల ఖర్చు చూస్తే గుండె ఆగుతోంది. ఉచితంగా, సక్రమంగా చూసే మార్గం చెప్పండి.
— ఒక దంపతులు, ఎడిసన్, న్యూజెర్సీ

ఇండియా సినిమాను అక్కడికి లాగే ప్రయత్నం మానేసి, అక్కడ ఉచితంగా ఉన్నదేమిటో చూడండి. అమెరికాలో అది చాలానే ఉంది.

ముందుగా ఊరి పబ్లిక్ లైబ్రరీ. చిరునామా రుజువు చూపితే కార్డు ఉచితం. మీ పేరున ఇవ్వకపోతే అమ్మాయి కార్డు చాలు. చాలా లైబ్రరీలు తమ సభ్యుల తరఫున డబ్బు కట్టి కానోపీ, హూప్లా అనే రెండు సర్వీసులు ఇస్తాయి. యాప్ వేసుకుని, జాబితాలో మీ లైబ్రరీ పేరు ఎంచుకుని, కార్డు వెనక ఉన్న నంబరూ పిన్నూ కొట్టాలి. కానోపీలో నెలకిన్ని టికెట్లని ఇస్తారు, ఎన్నన్నది లైబ్రరీని బట్టి. సినిమా నొక్కగానే ఎన్ని టికెట్లు తెగుతాయో, ఎంతసేపట్లో చూడాలో అక్కడే ఉంటుంది. మిగిలిన టికెట్లు వచ్చే నెలకు జమ కావు, ఒకటో తేదీకి లెక్క మళ్లీ మొదలు. హూప్లాలో సినిమా తీసుకుంటే 72 గంటలు మీది. తీసుకోబోతే ఇవాళ్టి పరిమితి అయిపోయిందని వచ్చిందా? అది మీ కోటా కాదు, లైబ్రరీ రోజువారీ బడ్జెట్ అయిపోయింది. తెల్లారి ప్రయత్నించండి. ప్రతి సినిమాకూ లైబ్రరీయే డబ్బు కడుతుంది. ఆ ఖర్చు భరించలేకే 2019 జులైలో న్యూయార్క్ నగరపు మూడు లైబ్రరీ వ్యవస్థలూ కానోపీని వదులుకున్నాయి. అందుకని మీ లైబ్రరీలో ఏది ఉందో కౌంటర్‌లోనే అడిగి తెలుసుకోవడం నయం. తెలుగు సినిమాల కోసం అక్కడ గంపెడాశ పెట్టుకోవద్దు. డాక్యుమెంటరీలు, ప్రపంచ సినిమాలు, పిల్లల బొమ్మల సినిమాలు బాగుంటాయి.

రెండోది టుబి. ఫాక్స్ కంపెనీది, యాడ్స్ మధ్య సినిమా, రూపాయి అక్కర్లేదు, ఖాతా లేకుండా కూడా ఆడుతుంది. సెర్చ్‌లో తెలుగు అని ఇంగ్లిష్‌లో కొడితే మనవి కొన్ని తగులుతాయి. వచ్చే పోయే సరుకు కాబట్టి ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉంటుందనుకోకండి. తిరిగి ఇండియా వచ్చాక ఈ యాప్ ఇక్కడ పనిచేయదు. సగం చూసిన సినిమా ఉంటే విమానం ఎక్కకముందే పూర్తిచేసుకోండి.

మీ ఫోన్‌లో టుబి యాప్ కనిపించడం లేదంటే ప్లే స్టోర్ ఇంకా ఇండియాదే. అమ్మాయిలా అక్కడే స్థిరపడినవారైతే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో దేశం మార్చుకోవచ్చు. ఆ దేశంలో ఉండాలి, అక్కడి కార్డు ఉండాలి. ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు, పాత దేశపు ప్లే బ్యాలెన్స్ కొత్త దేశంలో చెల్లదు. ఐఫోన్‌లో అయితే ఖాతాలో మిగిలిన డబ్బు మొత్తం ఖర్చయ్యి, నడుస్తున్న చందాలు ఆగితేనే దేశం మారుతుంది. ఆరు నెలల మనుషులు మీరు, ఈ తంటా ఎందుకు? మార్చాక వెనక్కి రావడానికి ఏడాది ఆగాల్సి వస్తే ఇక్కడి బ్యాంకు యాప్‌లతో పేచీ. ఫోన్ బ్రౌజర్‌లోనే టుబి తెరుచుకుంటుంది. అమ్మాయి టీవీలో యాప్ వేసుకుంటే ఇంకా హాయి.

ఇండియాలో ఉండి, చందా లేకుండా, మంచి సినిమాలు సక్రమంగా చూడాలి. మసాలా అక్కర్లేదు. ఎక్కడున్నాయి?
— ఒక లెక్చరర్, కర్నూలు

ఇలాంటి ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాం. ఏరియా తాళాలు లేకుండా, లేదా చాలా తక్కువగా, తమ సినిమాలు ప్రపంచానికి పెట్టిన సంస్థలు ఉన్నాయి. హక్కు మొత్తం తమ చేతిలోనే ఉండటం వల్ల వాళ్లకిది సాధ్యమైంది.

దక్షిణ కొరియా ప్రభుత్వ ఫిల్మ్ ఆర్కైవ్ యూట్యూబ్‌లో కొరియన్ క్లాసిక్ ఫిల్మ్ అనే చానల్ నడుపుతోంది. పాత కొరియా సినిమాలు పూర్తి నిడివితో, మంచి ప్రింట్లతో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఉంటాయి. మాస్కో స్టూడియో మాస్‌ఫిల్మ్ కూడా సోవియట్ కాలపు సినిమాలను తన చానల్‌లో పెట్టింది. విశాలాంధ్రలో మాస్కో తెలుగు పుస్తకాలు కొని చదివిన తరానికి ఇది పాత చుట్టరికమే. 1939లో పుట్టిన కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు సైటులో వేల చిత్రాలు ఖాతా కూడా అడక్కుండా ఆడతాయి. అక్కడ నార్మన్ మెక్‌లారెన్ తీసిన మాటల్లేని చిన్న చిత్రాలతో మొదలుపెట్టండి, భాష అడ్డం రాదు. కొద్దిచోట్ల కెనడాకే పరిమితమైన చిత్రాలు తగులుతాయి, వాటిని వదిలేయండి. ఫ్రాన్స్, జర్మనీ కలిసి నడిపే ఆర్టే టీవీ చానల్ సైటు ఇంగ్లిష్‌తో సహా పలు భాషల్లో ఉంది. డాక్యుమెంటరీలు ఇక్కడా ఆడతాయి, కథాచిత్రాల్లో చాలావాటికి తాళం ఉంటుంది.

ఇంటి సరుకు తక్కువేం కాదు. హాల్లో సినిమాకు ముందు వేసే న్యూస్‌రీళ్లు గుర్తుంటే, అవి తీసిన ఫిల్మ్స్ డివిజన్ 1948 నుంచి చేసిన డాక్యుమెంటరీలు యూట్యూబ్‌లో ఉన్నాయి. 2024 నవంబరు 20న గోవా చలనచిత్రోత్సవంలో ప్రసార భారతి మొదలుపెట్టిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ పాత కార్యక్రమాలూ, సప్తగిరి, యాదగిరి లాంటి చానళ్ల ప్రసారాలూ ఉన్నాయి. అన్నీ కాదుగానీ చాలా భాగం ఉచితం. యాడ్స్ భరిస్తే అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్‌లో తెలుగులోకి డబ్ చేసిన కొరియా, టర్కీ సీరియళ్లు దొరుకుతాయి, మసాలా వద్దన్నారు కాబట్టి అంతటితో ఆపుదాం.

తీసినవారే హక్కు వదిలేసినవీ ఉన్నాయి. బ్లెండర్ అనే ఉచిత యానిమేషన్ సాఫ్ట్‌వేర్ చేసే బ్లెండర్ ఫౌండేషన్ వారి బిగ్ బక్ బన్నీ (2008), సింటెల్ (2010) చిత్రాలను, తీసినవారి పేరు చెప్పి ఎవరైనా, ఎక్కడైనా చూపించుకోవచ్చు. కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో ప్రదర్శించాలన్నా అనుమతి అడగనక్కర్లేదు. అమెరికా కళాకారిణి నీనా పేలీ 2008లో తీసిన యానిమేషన్ సినిమా సీతా సింగ్స్ ది బ్లూస్‌కు 2013 నుంచి ఏ షరతూ లేదు. రామాయణాన్ని తనదైన చూపుతో చెప్పింది, అది నచ్చనివారూ ఉన్నారు. క్లాసులో వేసే ముందు మీరొకసారి చూసుకోండి.

సబ్‌టైటిల్స్ సంగతి: యూట్యూబ్‌ను కంప్యూటర్‌లో తెరిచి, గేరు గుర్తు నొక్కి, సబ్‌టైటిల్స్‌లో ఇంగ్లిష్ ఎంచుకున్నాక ఆటో ట్రాన్స్‌లేట్ నొక్కితే జాబితాలో తెలుగు ఉంటుంది. కథ అర్థమవుతుంది గానీ, కోడలు అత్తగారిని నువ్వు అంటుంది, సైనికుడు శత్రువును మీరు అంటాడు. ఇంగ్లిష్ చదవగలిగితే ఇంగ్లిషే నయం.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నుంచి సినిమా దించి పెన్‌డ్రైవ్‌లో వేస్తే టీవీలో ఆడటం లేదు. అసలు అక్కడివన్నీ సక్రమమైనవేనా?
— ఎలక్ట్రానిక్స్ మెకానిక్, సిద్దిపేట

రెండోదానికి ముందు జవాబు. అన్నీ కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన లాభాపేక్ష లేని డిజిటల్ లైబ్రరీ. కానీ సినిమాలు ఎవరైనా ఎక్కించవచ్చు. నిన్నమొన్నటి తెలుగు సినిమా అక్కడ కనిపిస్తే అది ఎవరో దొంగచాటుగా పెట్టిందే. విడుదల ఏడాది చూసి, పైన హనుమకొండ మాస్టారికి చెప్పిన 61 లెక్క వేయండి.

ఇక టీవీ. సినిమా పేజీలో కుడివైపు డౌన్‌లోడ్ ఆప్షన్స్ అని ఉంటుంది. అందులో ఓజీజీ, ఎంపెగ్2 వద్దు. మొదటిదాన్ని టీవీలు గుర్తించవు, రెండోది నాలుగైదు జీబీలుంటుంది. హెచ్.264 అని ఉన్న ఎంపీ4 దించండి. 512కేబీ అని ఉన్నది పాతకాలపు చిన్న ఫైలు, పెద్ద తెర మీద అలికినట్టుంటుంది. ఎంపీ4 కూడా ఆడలేదంటే పెన్‌డ్రైవ్ చూడండి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టనే పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ చేస్తే పడుతుంది గానీ పాత టీవీలు దాన్ని చదవవు, అప్పుడు ఎన్‌టీఎఫ్ఎస్ ప్రయత్నించాలి. బొమ్మ వచ్చి మాట రాకపోతే ఆడియో కోడెక్ (శబ్దాన్ని ఫైలులో కుదించిన పద్ధతి) తేడా. కంప్యూటర్‌లో వీఎల్‌సీ, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో ఒకదానితో ఆడియోను ఏఏసీకి మార్చితే పలుకుతుంది. సబ్‌టైటిల్ ఫైలుకూ సినిమా ఫైలుకూ ఒకే పేరు పెట్టి, యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. అయినా తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఆ టీవీలో తెలుగు ఫాంట్ లేదన్నమాట, దానికి మందు లేదు.

దిగుమతి మధ్యలో తెగిపోతుంటే అదే పేజీలో టొరెంట్ ఫైలు ఉంటుంది. టొరెంట్ అనగానే దొంగసరుకని భయపడనక్కర్లేదు. ఇది ఆర్కైవ్ వారే ఇచ్చేది, ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. కరెంటు పోయే ఊళ్లలో దాని విలువ తెలుస్తుంది.

జర్మనీలో ఎంఎస్ చదువుతున్నాను. టీవీ లేదు. అయినా టీవీ ఫీజు కట్టమని ఉత్తరం వచ్చింది. కడితే ఏమైనా చూడొచ్చా?
— ఒక విద్యార్థిని, బెర్లిన్

టీవీ ఉందా లేదా అన్నది వాళ్లు అడగరు. ఇంటికి నెలకు 18.36 యూరోలు, ఇంట్లో ఎందరున్నా ఒకటే ఫీజు. ఫ్లాట్‌లో నలుగురుంటే ఒకరు కట్టి మిగతావారు వారి నంబరు రాసి పంపితే సరిపోతుంది, విడివిడిగా కట్టకండి.

కట్టాక ఏఆర్‌డీ, జడ్‌డీఎఫ్ అనే అక్కడి ప్రజా ప్రసార సంస్థల మీడియాథెక్‌లు (ఆన్‌లైన్ వీడియో సైట్లు) తెరుచుకోవడం కాదు, అవి ఎలాగూ తెరిచే ఉంటాయి. జర్మన్ నేర్చుకునేవారికి సబ్‌టైటిల్స్‌తో అంతకన్నా మంచి బడి లేదు. నొక్కితే సినిమా ఆడటం లేదంటే గడియారం చూడండి. పన్నెండేళ్లు దాటినవారికని ముద్ర ఉన్నవి కొన్ని రాత్రి 8 తర్వాత, పదహారేళ్ల ముద్ర ఉన్నవి రాత్రి 10 తర్వాతే ఆడతాయి. వయసు రుజువు చేసుకున్న ఖాతాతో లాగిన్ అయితే పగలూ ఆడతాయి. ప్రతి సినిమా కింద ఏ తేదీ దాకా ఉంటుందో రాసి ఉంటుంది, ఆ తేదీ దాటితే మళ్లీ ప్రసారం చేసేదాకా దొరకదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చూద్దామని దాచుకోకండి, కథాచిత్రాల్లో ఎక్కువ భాగం జర్మనీ బయట తెరుచుకోవు.